చెవులు తెరుచుకున్న రోజు

పెళ్ళయి తమిళనాట ఏరియూరు నుంచి ధర్మపురికి కాపురానికి వచ్చిన ఏడే, ఒక వానాకాలంలో నా చెవులు మూసుకుపోయాయి. తలంటుకుని లేచేసరికి లోకమంతా దూరం జరిగినట్టయింది. వీధిలో బస్సు పోతే కిటికీ రెక్క అదరడం కనిపించేది, మోత వినిపించేది కాదు. నేను మాట్లాడితే మాత్రం కడవలో తల పెట్టినట్టు గుమ్మని నాకే వినిపించేది. నొప్పి లేదు. నిజం చెప్పాలంటే మొదటి రెండు రోజులూ హాయిగానే అనిపించింది. కొత్త ఇంట్లో కొత్త మనుషులు నీళ్ళ అడుగున తిరుగుతున్నట్టు మెల్లగా కదిలేవారు.

మా అత్తకు అది పొగరుగా తోచింది. ఒకరోజు వచ్చి భుజం పట్టి కుదిపి, చెవి దగ్గర అరిచింది.

"మూడు తూర్లు పిలిచినాను. విననట్టు కూర్చున్నావే?"

"వినబళ్ళేదత్తా. చెవులు అడ్డుకున్నాయి."

నన్ను వాకిట్లో వెలుతురుకు తిప్పి, చెవి లాగి చూసింది. "అయ్యో, గుబిలి నల్లగా గడ్డ కట్టింది గదమ్మా!" అంటూ గాజుకున్న పిన్నీసు తీసింది. అంతలోనే మనసు మార్చుకుంది. "వద్దులే. మా చెల్లెలు ఇట్లే గెలుక్కొని చెవి పోగొట్టుకునింది. ఆస్పత్రికి పోదాం రా."

డాక్టరమ్మ లైటు వేసి చూసి, ఎప్పుడైనా చీము కారిందా అని తమిళంలో అడిగింది. అత్త ఆ మాటే తెలుగులో నా చెవి దగ్గర అరిచింది. లేదని తలూపాను. అయిదు రోజులు చుక్కలు వేసి గుబిలి నానబెట్టమంది. పుల్ల, పిన్ను ఏదీ పెట్టకూడదని గట్టిగా చెప్పింది.

రోజూ మధ్యాహ్నం అత్త నా తల ఒళ్ళో పెట్టుకుని మందు వేసేది. చుక్క చక్కిలిగిలి పెడుతూ లోపలికి జారేది. కాసేపు కదలకూడదు. అప్పుడు ఆమె ఏదో మాట్లాడుతూనే ఉండేది. మాటలు తెలిసేవి కావు. ఒళ్ళో నుంచి సన్నని అదురు మాత్రం నా చెంపకు తగిలేది. అలాగే నిద్రపోయేదాన్ని.

ఆరో రోజు నర్సు గోరువెచ్చని నీళ్ళు తన మణికట్టు మీద పోసి చూసుకుంది. చెవి పైకి లాగి, పెద్ద సిరంజితో మెల్లగా కొట్టింది. లోపల ఏరు పారినట్టయి కాస్త తల తిరిగింది. నేను చెవి కింద పట్టుకున్న పళ్ళెంలో చింతగింజంత గడ్డ పడింది. రెండో చెవి కూడా అయ్యాక ఫ్యాను కిర్రుమనడం, ఎవరో దగ్గడం, నా గాజుల చప్పుడు, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి.

బయటికి వస్తూ అడిగాను. "మందు వేసేటప్పుడు ఏం చెప్తా ఉంటిరి అత్తా?"

ఆమె సిగ్గుపడింది. "నీకు వినబడదని గదా చెప్పింది! నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు పడిన పాట్లు."

"మళ్ళీ చెప్పండి."

ఆమె గొంతు ఇంత మెత్తనిదని నాకు అప్పుడే తెలిసింది. ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉంది. నేను కావాలనే నెమ్మదిగా నడిచాను.