మొదటిసారే కావాలన్న అన్నపూర్ణ

మా కోనసీమలో ఎవరైనా ఏదైనా ఇస్తానంటే మొదటిసారి వద్దనాలి. రెండోసారి పర్లేదండీ అనాలి. మూడోసారి, మీరంతగా అంటుంటే ఎలా కాదంటాం అని చెయ్యి చాపాలి. ఇది ఎక్కడా రాసిలేదు గానీ ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ ఉగ్గుతోపాటు పోస్తారు. గోదావరి దాటితే ఈ పద్ధతి చెల్లదని నాకు హైదరాబాదులో తెలిసింది, మా తోడల్లుడి కూతురి పెళ్ళిలో. కాజాల పళ్ళెం పట్టుకున్నాయన ఒక్కసారే అడిగాడు. అలవాటుగా వద్దన్నాను. ఆయన నమ్మి ముందుకెళ్ళిపోయాడు. పక్క విస్తట్లో నాలుగు పడ్డాయి. ఆ నాలుగింటినీ చూస్తూ పెరుగన్నం తిని లేచాను.

అందుకని అన్నపూర్ణకి జరిగింది విని వీధంతా నవ్వినా నేను నవ్వలేదు. నవ్వాను గానీ కొంచెం ఆలస్యంగా.

అన్నపూర్ణది బండారులంక. నలభై ఆరేళ్ళుంటాయి. భర్త సోమేశ్వరరావు మగ్గం నేస్తాడు. రోజుకి పది మాటలకి మించి మాట్లాడడు, అందులో ఆరు మగ్గంతోనే. పడుగుకి గంజి పెట్టే పని అన్నపూర్ణది. ఏ నూలుకి ఎంత చిక్కగా ఉండాలో, ఏ ఎండకి ఎంత పలచన చెయ్యాలో ఆమె వేళ్ళకి తెలుసు. చుట్టుపక్కల మగ్గాలవాళ్ళు గంజి సరిగ్గా కుదరకపోతే ఆమెనే పిలుచుకెళ్తారు.

ఒకరోజు ఆ గంజి కొంచెం పెరట్లో బొచ్చెలో ఉన్న కొబ్బరి పొట్టు మీద ఒలికిందిట. పొట్టంటే కొబ్బరి డొక్క నుంచి పీచు తీసేశాక రాలే గోధుమరంగు పొడి. పీచు మిల్లుల పక్కన గుట్టలు గుట్టలుగా పడుంటుంది, ఎవరికీ అక్కర్లేదు. రెండు రోజుల తర్వాత చూస్తే అది బొచ్చె ఆకారంలోనే గట్టిపడి ఉంది. ఇంకెవరైనా అయితే విసుక్కుని పారబోసేవారు. అన్నపూర్ణ దాంట్లో బంతి మొక్క పెట్టింది. వేళ్ళు దాని గోడలోంచి బయటికొచ్చాయి. కుండీతో సహా మట్టిలో పాతితే మొక్క ఏపుగా లేచింది, కుండీ మట్టిలో కలిసిపోయింది.

అక్కణ్ణించి రెండేళ్ళు అదే ధ్యాస. గంజిలో చింతగింజల పిండి కలిపింది. ఇంకోటేదో కూడా కలుపుతుంది, అదేమిటో మొగుడిక్కూడా చెప్పదు. ఇరవై రోజులు నీళ్ళు పోసినా విడిపోని కుండీ తయారైంది. నర్సరీల్లో వాడే నల్ల ప్లాస్టిక్ కవర్లకి బదులన్నమాట. కడియంలో ఒక నర్సరీ యజమాని చూసి, "వానలు పడేలోపు రెండువేల కుండీలు ఇవ్వగలిగితే తీసుకుంటానమ్మా. ఇరవై ముప్పై అంటే నాకు కుదరదు" అన్నాడు.

చిక్కంతా అక్కడే ఉంది. స్టీలు గ్లాసుతో ఒక్కొక్కటీ నొక్కాలి, రెండు రోజులు ఎండబెట్టాలి. మబ్బు పట్టిందంటే అన్నీ బూజే. రోజుకి పాతిక చేస్తే గొప్ప.

సరిగ్గా అప్పుడే మా జిరాక్సు షాపుకి ఎదురుగా ఉన్న కొబ్బరి గోదాముల వీధికి మంచిరోజులొచ్చాయి. పాతికేళ్ళుగా పందికొక్కులు తప్ప ఎవరూ మకాం పెట్టని వీధి. ప్రభుత్వం డబ్బు పెట్టి కాలవల మీద పలకలు వేసింది, దీపాలు పెట్టింది, గోడలకి రంగులు వేసింది. అన్నిటికన్నా పెద్ద గోదాముని కొత్త వ్యాపారాలు మొదలుపెట్టేవాళ్ళకి ఇచ్చింది. బోర్డు మీద అంకుర కేంద్రం అని ఉంటుంది. మేం స్టార్టప్పు గోదాం అంటాం. ఎంపికైన ఆరుగురికి ఆరు నెలలపాటు గది, యంత్రాలు, దగ్గరుండి నేర్పేవాళ్ళు, మొదటి సరుక్కి గ్రాంటు. యంత్రాల్లో ఒక ప్రెస్సు, ఒక డ్రయ్యరు ఉన్నాయని తెలిసిన రోజు అన్నపూర్ణ బండారులంక నుంచి ఆటోలో వచ్చి మా షాపులో వాలింది.

"అన్నయ్యగారూ, అప్లికేషను ఇంగ్లీషులో ఉందంటండి. మీరు నింపుతారా?"

నింపాను. ఇంటర్వ్యూ రోజు కుండీల ట్రే పట్టుకుని లోపలికి కూడా వెళ్ళాను. కేంద్రం నడిపే ఆవిడ పేరు కీర్తి, అనంతపురం అమ్మాయి. ముప్పై ఏళ్ళుంటాయేమో. మాట కొబ్బరికాయ కొట్టినట్టు ఉంటుంది. కుండీని నీళ్ళలో ముంచింది, గోటితో గీకింది, కింద పడేసింది. ముఖం వెలిగింది.

"చాలా బాగుందమ్మా. మీకు సీటిస్తే ప్రెస్సు, డ్రయ్యరు వాడుకోవచ్చు. గ్రాంటు కూడా వస్తుంది. తీసుకుంటారా?"

అన్నపూర్ణ కొంగు సర్దుకుని, మెలికలు తిరిగి, మా ప్రాంతపు మర్యాదంతా ఒక్కచోట పోగేసి అంది.

"అబ్బే, మాకెందుకండీ అంత! ఏదో ఇంటిదగ్గర గ్లాసుతో నొక్కుకుంటన్నాం. చదువుకున్న పిల్లలెవరికన్నా ఇవ్వండి, పాపం."

కీర్తి ఆమెకేసి ఒక్క క్షణం చూసింది. సరేనమ్మా అని కాగితం మీద ఏదో రాసుకుంది. నేను ట్రే పట్టుకుని పక్కనే నిలబడి, ఆహా ఎంత పద్ధతిగా చెప్పింది అని తలూపాను. ఈ సంగతి నేనిప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

బయటికొచ్చి అన్నపూర్ణ, "బాగా మాట్టాడేను కదండీ?" అంది.

"బ్రహ్మాండంగా మాట్లాడేవమ్మా" అన్నాను.

నాలుగో రోజున తలుపుకి జాబితా అంటించారు. ఐదుగురి పేర్లు ఉన్నాయి. ఆరోది ఖాళీ. అడుగున చిన్న అక్షరాల్లో, 'కె. అన్నపూర్ణ: అభ్యర్థికి ఇష్టం లేదు' అని ఉంది.

అన్నపూర్ణ దాన్ని మూడుసార్లు చదివింది. చదివి మా షాపు మెట్టు మీద కూలబడింది.

"ఒక్కసారే కదండీ అడిగేరు! రెండోసారి అడగొద్దాండీ? మనిషన్నాక రెండోసారి అడుగుతారు కదండీ!"

ఆటో దిగిన సోమేశ్వరరావు జాబితా చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. ఆ రోజు కోటాలోంచి ఒక వాక్యం ఖర్చుపెట్టాడు.

"నన్ను చేసుకుంటావా అని మీ నాన్నచేత అడిగించినప్పుడూ వద్దనే అన్నావు."

"మీరు మళ్ళీ వచ్చి అడిగేరు కదా!"

"ఆవిడకి నాతో ఏం పోలిక? ఆవిడది ఆఫీసు."

అన్నపూర్ణ కళ్ళు తుడుచుకుంది. కాసేపు ఆ తలుపుకేసే చూసింది. తర్వాత లేచి కొంగు బిగించింది.

"అన్నయ్యగారూ, అభ్యంతరం చెప్పుకోడానికి ఏడు రోజులు టైముందని రాసుంది. కాయితం తియ్యండి."

తీశాను. 'తమరికి ఇబ్బంది లేకపోతే, వీలున్నట్టయితే, ఖాళీగా ఉన్న సీటు విషయమై మరొక్కసారి దయతో ఆలోచించవలసిందిగా...' అని మొదలుపెట్టాను. ఆమె కంప్యూటరు తెరకేసి వంగి చూసింది.

"ఇదేంటండీ? ఇబ్బంది లేకపోతే ఏంటి? మళ్ళీ వద్దన్నట్టే ఉంది. కొట్టెయ్యండి."

"మరేం రాయమంటావు?"

"నాకు సీటు కావాలి అని రాయండి."

ఆ మాట టైపు చెయ్యడానికి నా వేళ్ళు సాయం రాలేదంటే నమ్మండి. 'కావాలి' తర్వాత 'అండి' అయినా చేరుస్తానన్నాను. కాయితం మీద అండీలేంటండీ అని కసిరింది. అలా ఒకే వాక్యంతో, కింద ఇంగ్లీషుతో, అర్జీ వెళ్ళింది. విచారణ శనివారం పదిన్నరకని జవాబు వచ్చింది.

కాగితం మీద రాయడం ఒకటి, నోటితో అనడం ఇంకొకటి. ఆ సంగతి ఆమెకీ తెలుసు. అందుకని మిగిలిన రోజుల్లో సాధన మొదలుపెట్టింది. సోమేశ్వరరావు కాఫీ కావాలా అని అడగడం, ఆమె "కావాలి" అని ఠక్కున అనడం. ఆ ఐదు రోజుల్లో ఆయన పెట్టినన్ని కాఫీలు పెళ్ళయ్యాక ఎప్పుడూ పెట్టలేదుట. ఇంట్లో కుదిరాక బయట పరీక్ష పెట్టుకుంది. పక్కింటి పెద్దింట్లమ్మగారి దగ్గరికి జల్లెడ తిరిగివ్వడానికి వెళ్ళింది. మధ్యాహ్నం రెండయ్యింది. పెద్దింట్లమ్మగారు అందరితో అన్నట్టే అన్నారు.

"భోంచేసి వెళ్ళవే అమ్మాయ్."

"ఆయ్, పెట్టండి" అని అన్నపూర్ణ పీట వాల్చుకుని కూచుంది.

పెద్దింట్లమ్మగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంటిల్లిపాదీ తిని, గిన్నెలు బోర్లించి, పొయ్యి కూడా తుడిచేశారు. డెబ్బై ఏళ్ళ జీవితంలో ఆ మాటకి ఊ అన్న మనిషి ఆవిడకి తగల్లేదు. అయినా ఏం చేస్తారు, మళ్ళీ ఎసరు పెట్టారు. కూరలేదని వంకాయ కాల్చారు. అన్నపూర్ణకి అప్పటికే కడుపు నిండా భోజనం అయ్యింది. చెమటలు కక్కుతూ రెండోసారి తింది. పెద్దింట్లమ్మగారు ఎదురుగా కూచుని, "ఇంట్లో అంతా బాగానే ఉన్నారా? ఏమన్నా ఇబ్బందా? నాతో చెప్పవే" అని గుచ్చి గుచ్చి అడిగారు. సాయంత్రానికల్లా సోమేశ్వరరావు పెళ్ళానికి తిండి పెట్టట్లేదని వీధిలో అనుకున్నారు.

శనివారం వచ్చింది. నేను మళ్ళీ ట్రే పట్టుకుని వెళ్ళాను. ఈసారి ట్రేలో ఒకటే కుండీ. అర్జీ ఇచ్చిన రోజునుంచీ నీళ్ళగిన్నెలో ఉంచి, నీరోడుతుండగానే తెచ్చింది. అంచు చెక్కుచెదరలేదు.

కీర్తి ముందు అర్జీ ఉంది. ఒక్క వాక్యం అర్జీ ఆ ఆఫీసులో అదే మొదటిదేమో, దాన్ని వేలితో అటూ ఇటూ జరుపుతోంది.

"ఆ రోజు నేనడిగితే వద్దన్నారు కదమ్మా. నేను స్పష్టంగా అడిగాను. ఇవాళ ఎందుకు కావాలంటున్నారు?"

అన్నపూర్ణ కుర్చీ ముందుకి జరుపుకుంది.

"ఆ రోజూ కావాలనే వచ్చేనండి. ఇస్తానంటే మొదట వద్దనడం మా మర్యాదండి."

"మర్యాదా?" కీర్తి కుర్చీలో వెనక్కి వాలింది. "చూడండమ్మా, ఇది ప్రజల డబ్బు. ఇష్టం లేదన్నవాళ్ళకి అంటగట్టానని రేపు ఆడిటర్లు అడిగితే నేనేం చెప్పాలి? ఈ సీటు కోసం వరసలో ఇంకో పన్నెండుమంది ఉన్నారు. ఇదేమీ దానం కాదు, బతిమాలి చేతిలో పెట్టడానికి."

అయిపోయింది, మనం లేచి నమస్కారం పెట్టి వెళ్ళిపోవాలి అని నాకు అనిపించింది. కాళ్ళు కూడా తలుపు వైపు తిరిగాయి. అన్నపూర్ణ కదల్లేదు.

"అదేనండి నేనూ అనేది. దానమైతే మూడుసార్లు వద్దనాలండి, మా అమ్మ అలాగే నేర్పింది. ఇది దానం కాదని తవరే అన్నారు. నేను కొన్న సబ్బులోనూ, మా ఆయన కొన్న నూలులోనూ కట్టిన పన్ను కూడా ఇందులో ఉంటది కదండీ. మరి నా సొమ్ములో నా వంతుకి నేను వద్దనడమేంటండీ? అది మర్యాద కాదు, నా పొరపాటు. పొరపాటని రాసిమ్మన్నా రాసిస్తాను."

తర్వాత వేళ్ళు మడుస్తూ చెప్పింది. "గది కావాలి. ప్రెస్సు కావాలి. డ్రయ్యరు కావాలి. వానలు పడేలోపు రెండువేల కుండీలు కడియం వెళ్ళాలి. వెళ్ళకపోతే సీటు తీసేసుకోండి, నేను అడ్డం చెప్పను. ఆ పన్నెండుమందిలో ఇంతకన్నా మంచి వస్తువుంటే ఇప్పుడే వాళ్ళకిచ్చెయ్యండి. మర్యాదకనట్లేదండి. వస్తువుంటేనే."

కీర్తి ట్రేలోంచి తడికుండీ తీసి చూసింది. పిండింది. నీళ్ళు కారాయి గానీ కుండీ కుండీగానే ఉంది.

"ఎన్ని రోజులైంది నానబెట్టి?"

"ఆరండి."

"నెలరోజులు పరీక్షగా ఇస్తాను. మొదటి నెలలో ఐదువందల కుండీలు రాకపోతే సీటు వెనక్కి. ఒప్పు..."

"ఒప్పుకుంటానండి."

"పూర్తిగా చెప్పనివ్వండమ్మా!" అని కీర్తి మొదటిసారి నవ్వింది. కాగితం మీద ఆ చిన్న అక్షరాల వాక్యాన్ని కొట్టేసి, పక్కన సంతకం పెట్టింది.

సోమవారం పొద్దున్న ఆరుగురూ గోదాములో చేరారు. నేను షాపు తెరవకుండా గోదాం గుమ్మంలో నిలబడి చూశాను, ఆ ఒక్క రోజుకీ జిరాక్సులు ఆగితే కొంపలంటుకోవు. మిగతా ఐదుగురూ చదువుకున్నవాళ్ళు, అందరూ ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. కీర్తి ప్రెస్సు చూపించి, ఎలా వాడాలో చెప్పి, "మొదట ఎవరు వాడతారు?" అని అడిగి ఫోను రావడంతో పక్కకి వెళ్ళింది.

రాజోలు నుంచి వచ్చిన మెర్సీ అంది, "ముందు మీరు కానివ్వండి ప్రవీణ్‌గారూ."

"అయ్యో, భలేవారే. మీరు ముందండి."

"పర్లేదండీ, మాకు తొందరేం లేదు."

"ఆయ్, మాకూ లేదండి. పెద్దవారు, లాజరుగారు మొదలెట్టాలి."

లాజరుగారు రెండడుగులు వెనక్కి వేసి చేతులు జోడించారు. ఐదుగురూ ఒకరికొకరు దారిస్తూ గోడకి ఆనుకునేదాకా వెళ్ళారు. ప్రభుత్వం లక్షలు పోసి కొన్న ప్రెస్సు మధ్యలో ఒంటరిగా నిలబడింది. కీర్తి ఫోను ముగించుకుని వచ్చి, ఆ యంత్రాన్నీ గోడకంటుకున్న మర్యాదస్తుల్నీ చూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

అన్నపూర్ణ చేతిలోని గంజి బిందె కింద పెట్టింది. కొంగు నడుముకి దోపుకుంది.

"నేను వాడతానండి" అంది. అని, ఎవరైనా ఇంకోసారి అడుగుతారేమోనని ఆగకుండా, మీట నొక్కేసింది.