కొలవని గది

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు నేనే చెబుతున్నాను, నా ఖర్మ.

మాంట్రియల్‌లో పాత భవనాల కొలతలు తీసి ప్లాన్లు గీయడం నా ఉద్యోగం. పోయిన అక్టోబరులో ఊరికి గంట దూరంలో జార్జియన్ అనే పాత ఇంగ్లీషు పద్ధతిలో కట్టిన ఓ బంగళా అప్పగించారు. రెండు వందల ఏళ్ల నాటి రాతి కట్టడం. నట్టనడుమ తలుపు, అటు రెండు కిటికీలు, ఇటు రెండు, పైన ఐదు. ఎడమవైపు ఏది కనిపిస్తే కుడివైపూ అదే. కుడి భాగం గోడలు బీటలువారాయని కూల్చేస్తున్నారు. ఇక మిగిలేది నా డ్రాయింగే.

తాళాలిచ్చిన హెలెన్ గారికి ఎనభై దాటాయి. వాళ్ల అమ్మమ్మ ఆ ఇంట్లో పనిమనిషట. ఆవిడది ఒక్క ఫోటో కూడా లేదట.

“కుడివైపు, పైన చివర్లో అమ్మమ్మ పడుకునే గది ఉంది. అదొక్కటీ వదిలెయ్యకమ్మా,” అన్నారు. తప్పకుండా కొలుస్తానని మాటిచ్చాను.

కొలవలేదు. ఎడమవైపు పూర్తయ్యేసరికే మూడైంది. పాపని డేకేర్ నుంచి తెచ్చుకోవాలి. రెండు వైపులూ ఒకటేగా అనుకుని, మర్నాడు ఆఫీసులో ఎడమ సగాన్నే కంప్యూటర్‌లో తిరగేసి కుడివైపు అతికించేశాను. మా పనిలో చాలామంది చేసే దొంగపనే ఇది. మూడు వారాలకి ఆ భాగం కూల్చేశారు.

తర్వాత ఓ రోజు, నేను కొలతలు తీసే లేజర్ మీటర్‌లో ఆ బంగళా ఫైలు తీసేద్దామని తెరిచాను. చివర్లో నేను తీయని కొలతలు ఆరు ఉన్నాయి. తేదీ నేను వెళ్లిన రోజుదే, టైము మూడూ ఇరవై. అప్పటికి నేను హైవే మీద ఉన్నాను, మీటర్ నా బ్యాగులో ఉంది. డేకేర్ రిజిస్టరులో నాలుగింటికి నా సంతకం కూడా ఉంది.

“మెషీన్ ఏదో పిచ్చి లెక్క చూపించుంటుందిలేవే,” అన్నాడు మా ఆయన.

కూర్చుని గీశాను. తొమ్మిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఓ వైపు నిలబడలేనంత కిందికి వాలిన కప్పు, చిన్న కిటికీ. ఎడమవైపు అలాంటి గదే లేదు. ఆరో కొలత జానెడు. అది దేనిదో తెలియక గోడలో గూడులా గీశాను. వాళ్ల అమ్మమ్మ గది ఇదేనేమోనని, సిగ్గుతో చచ్చిపోతూ హెలెన్ గారికి పంపాను.

ఫోన్‌లో ఆవిడ ఏడ్చేశారు. “కొవ్వొత్తి పెట్టుకునే గూడు కూడా వేశావా తల్లీ! పైకెక్కి అంత శ్రద్ధగా చూశావన్నమాట.”

ఊఁ అన్నాను.

ఆ కొలతలు ఎవరు తీశారో నాకు నేటికీ తెలియదు. నేను మాత్రం తీయలేదు. ఆ ఒక్క మాటా ఆవిడకి ఇంకా చెప్పలేదు.