కుప్పలో పోయని కొర్రబియ్యం

రాచపుండు, ఇప్పుడు క్యాన్సరంటున్నారే, అది అంటుకునే జబ్బు కాదని డాక్టరు దొరసాని మా గుడిలో నిలబడి చెప్పింది. సంఘమంతా తలకాయలూపి ఆమెన్ అంది. ఆ ఆమెన్ ఎంతసేపు నిలిచిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. తెల్లదొరల కాలం నాటి సంగతి. అయినా నా కడుపుమంట ఇంకా ఆరలేదు.

మాది గిద్దలూరుకి ఎగువన, కూలి చేసుకుని బతికే పల్లె. మా అమ్మకి దవడ లోపల పుండు లేచింది. మొదట కందిగింజంత. పొగాకు కాడ ఒరుసుకుందిలే అని పసుపు అద్దుకుంది. సజ్జకోతలు అయ్యేలోగా బుగ్గంతా తినేసింది. దొరసాని తన ఆసుపత్రిలో పడుకోబెట్టి కోసి తీసింది. గాయం మానకముందే పక్కన మళ్ళీ లేచింది. ఇంత ముదిరాక మద్రాసు పోయినా లాభం లేదని ఆమె దాచకుండా చెప్పింది. దీనికి మందు ఇంకా ఎవరికీ దొరకలేదనీ, వెతుకుతున్నారనీ కూడా చెప్పింది. అమ్మ చెవిన పడింది ఆ ఆఖరి మాటొక్కటే.

ఆ వెతికేవాళ్ళ కోసం దొరసాని ఊరూరా సంఘాలు తిరిగి చందా అడుగుతోంది. ఆ యేడు కోతల పండగలో వచ్చిందంతా దానికే ఇస్తామని మా గుడి అయ్యగారు మాటిచ్చారు.

మా పల్లెలో చందా అంటే కాగితం మీద రాసేది కాదు. ఇంటింటా ఆడమనిషి ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుడి ముంతలో వేస్తుంది. పేరుకి పిడికెడు బియ్యం అంటారు గానీ మా ఇళ్ళల్లో బియ్యమెక్కడివి, కొర్రబియ్యమే. పండగనాడు అందరి ముంతలూ గుళ్ళో చాప మీద ఒకే కుప్పగా పోస్తారు. ఏ గింజ ఎవరిదో ఎవరికీ తెలియదు. ఆరాధన అయ్యాక ఆ కుప్పనీ, తెచ్చిన కోళ్ళనీ, గుమ్మడికాయలనీ వేలం పాడతారు.

అమ్మకి పట్టుకున్న కోరిక ఒకటే. ఆ కుప్పలో తన పిడికెళ్ళు కూడా పడాలి. తను గంజితేట తప్ప ఏదీ మింగలేదు. అయినా పొయ్యి దగ్గరికి దేక్కుంటూ వచ్చి, నేను ఎసట్లో పోసేలోగా చేటలో చెయ్యి పెట్టేది.

ఒకరోజు నాకు ఒళ్ళు మండింది. "నీకు అందని మందుకి నువ్వు ఇచ్చేదేందమ్మా?" అన్నాను.

"నాకు అందదులే. రేపు నీ దవడన లేస్తే నీకన్నా అందనీ" అంది.

పుండు వాసనకి ఇరుగుపొరుగు మా గడప తొక్కడం మానేశారు. కలుపుకి పిలిచే రైతమ్మ, "నువ్వు రావాకులే, నీ కూతుర్ని పంపు" అని గట్టు మీద నుంచే చెప్పి పోయింది. ముంత నిండుతోందా లేదా అన్నదే అమ్మ ధ్యాస.

పండగనాడు పాత చీరముక్క బుగ్గకి కట్టుకుని, నాయన భుజం పట్టుకుని గుడికి వచ్చింది. తాకితే రాదు, కలిసి తింటే రాదు అని దొరసాని చెప్పింది అప్పుడే. అందరూ ఆమెన్ అన్నదీ అప్పుడే. రైలుకి వేళయిందని ఆమె బండెక్కి వెళ్ళిపోయింది.

బండి మలుపు తిరిగిందో లేదో, సంఘపెద్ద ముంతలు ఒక్కొక్కటే చాప మీద గుమ్మరించసాగాడు. మా ముంత దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. పాపం, కాలితో నెట్టలేదు. రెండు వేళ్ళతో అంచు పట్టుకుని గోడవారకి జరిపాడు.

"ఏంది పెద్దయ్యా, మాది పోయలేదే" అని నాయన అడిగాడు.

పెద్దకి బదులు అయ్యగారు నీళ్ళు నమిలారు. "దాన్ని విడిగా పాడదాంలే. కలిపితే మొత్తం కుప్పనే ఎవురూ పాడరు. చందాకే నష్టం కదయ్యా."

చందాకి నష్టమట. ఏ జబ్బు కోసం చందా వేస్తున్నారో, ఆ జబ్బుమనిషి చెయ్యి తగిలిందని నష్టమట. ఇంత గొప్ప న్యాయం నేను మళ్ళీ ఎక్కడా వినలేదు.

కుప్ప పాటలో పోయింది. కోళ్ళు పోయాయి. పుచ్చిన గుమ్మడికాయకి కూడా ఇద్దరు పోటీ పడ్డారు. చివరికి అయ్యగారు మా ముంత చూపించి "ఎవరన్నా పాడండి" అంటే, గుళ్ళో దగ్గులు తప్ప ఏమీ వినబడలేదు. అమ్మ ఆడవాళ్ళ వరస చివర, అందరూ జరిగి వదిలేసిన జాగాలో కూర్చుని ముంత వంకే చూస్తోంది. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ గుడిలో నా నోట ఆమెన్ రాదు.

నాయన లేచాడు. రొంటిన దోపుకున్న కూలిడబ్బులన్నీ తీసి బల్ల మీద పెట్టాడు. మా ఇంటి గింజలు మేమే కొనుక్కున్నాం. అయ్యగారు మూడుసార్లు పిలిచి, పాట ముగించి, ప్రార్థన చేశారు.

ఇంటికొచ్చి ఏడుస్తూనే పొయ్యి ముట్టించాను. ఆ కొర్రబియ్యమే చేటలో పోసి రాళ్ళు ఏరుతుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. చెయ్యి పెట్టి ఒక పిడికెడు తీసి, ఖాళీ ముంతలో వేసింది.

"మళ్ళా ఎందుకమ్మా? నీయి ఎవురు కొంటారు?" అన్నాను.

బుగ్గమీది గుడ్డ ఒత్తిపట్టుకుని, కష్టంగా మాట పెగుల్చుకుంది.

"మీ నాయన కొంటాడులే."

మరుసటి యేటికి అమ్మ లేదు. మిగతా ముంత నేను నింపి తీసుకుపోయాను. అప్పుడూ దాన్ని విడిగానే పెట్టారు. నాయనే పాడుకున్నాడు.