డీజిలు కారులో పెట్రోలు, పాపికొండల హనీమూను

నేను ఎనిమిదో తరగతిలోనే బడి మానేశాను. అలా అని నేనంటాను. మా హెడ్మాస్టారు మాత్రం బడే నన్ను మానేసి ఊపిరి పీల్చుకుందనేవారు. ఆ ఎనిమిదేళ్లలో కారుకి ఏం తాగించాలో ఎవరూ చెప్పలేదు. కనక పెళ్లయిన పదహారో రోజున మామగారి కారునీ, మా ఆవిడ హనీమూన్‌నీ ఒకేసారి ముంచేశాను. గోదావరిలో అనుకునేరు! పెట్రోలు బంకులో.

మా ఆవిడ సుజాతది నిడదవోలు దగ్గర పల్లె. గోదావరి జిల్లాలో పుట్టి పెరిగినా పాపికొండలు చూడలేదు. అడిగినప్పుడల్లా వాళ్ల నాన్న "పెళ్లయ్యాక మీ ఆయనతో వెళ్దువుగానిలేమ్మా" అని వాయిదా వేశారట. ఆ వాయిదాలన్నీ కలిసి నా నెత్తిన పడ్డాయి. పట్టిసం రేవులో తొమ్మిదింటికి బోటు. మామగారు తాళాలు చేతికిచ్చి, "ముల్లు కిందికొచ్చేసిందండి అల్లుడుగారూ, దారిలో బంకు దగ్గర ఆగండి" అన్నారు.

ఏం పోయించాలో అడగొచ్చుగా అంటారు మీరు. ఎలా అడుగుతానండీ? కొత్త అల్లుడు అత్తారింట్లో మంచినీళ్లు కూడా అడగకూడదు, అవే రావాలి. కారు సంగతి అడిగితే పరువేం కాను? అప్పటిదాకా నేను తోలినవి నా మోటారు సైకిలూ, మా బాబాయి పెట్రోలు కారూ.

కొవ్వూరు దాటాక బంకులోకి తిప్పాను. టాంకు మూత ఆ పక్క, పైపు ఈ పక్క. గుండ్రంగా తిప్పుకొచ్చి మళ్లీ అక్కడే ఆపాను. మూత మళ్లీ ఆ పక్కే! నవగ్రహాలకు తిరిగినట్టు మూడు చుట్లు తిరిగాను.

"ఏవండీ..." అంది సుజాత.

"తెలుసు తెలుసు, నువ్వు కంగారుపడకు."

అయ్యా, నా పరిస్థితి గమనించండి. పెళ్లయి పదహారు రోజులు. ఆ "ఏవండీ" చెవిన పడితే చాలు, మిగతా వాక్యం వినే ఓపిక నా చెవులకి ఉండేది కాదు.

నాలుగో చుట్టులో బంకు అటువైపుకి వెళ్లి ఆపాను. మూత తెరుద్దామని ఒక మీట లాగితే బానెట్టు లేచింది. ఇంకోటి లాగితే డిక్కీ లేచింది. అందులో అత్తయ్యగారు సర్దిన కాజాల డబ్బా.

పైపు పట్టుకున్న బంకు మేస్త్రి తొంగిచూశాడు. "కాజాల్లో కొట్టమంటారాండి?"

సుజాతే వంగి ఏదో నొక్కింది, మూత తెరుచుకుంది. నేను గొప్పగా దిగి సెల్ఫీకి ఫోను తీశాను.

"ఫోను లోపల పెట్టండి సార్. ఇంజనూ ఆపండి."

"కొత్త పెళ్లికూతురయ్యా, ఏసీ పోతుంది."

"ఏసీ పోతే మళ్లీ వస్తుందండి. మంట వస్తే మనం మళ్లీ రామండి."

ఆపాను.

"ఏం కొట్టమంటారండి? పెట్రోలా, డీజిలా?"

"ఏవండీ!"

"ఉండు సుజాతా, మాట్లాడుతున్నానుగా. పెట్రోలయ్యా! ఫుల్లుగా!"

పైపు గుటగుటలాడుతోంది. "ఏవండీ, అది..."

"నాకూ ఆకలేస్తోంది. పట్టిసంలో ఇడ్లీ తిందాం."

ఇక లాభం లేదని సుజాత కారు దిగి, బంకంతా వినపడేలా అరిచింది. "అది డీజిలు బండండీ!"

నాకేమీ అర్థం కాలేదు. రెండూ భూమిలోంచి వచ్చినవేగా, అక్కాచెల్లెళ్లు సర్దుకుపోరా అనుకుని లోపల కూర్చుని తాళం మీద చెయ్యి వేశాను. మేస్త్రి పైపు వదిలేసి ఎగిరి నా చెయ్యి పట్టుకున్నాడు.

"తిప్పకండి బాబూ! స్టార్టు చేస్తే ఇంజను పోద్ది. ఇప్పుడైతే టాంకు కడిగితే పోద్ది."

నలుగురూ కలిసి కారుని పక్కకి తోశారు. మెకానిక్కు వచ్చి, సాయంత్రానికి గాని ఇవ్వనన్నాడు. మామగారికి ఫోను చేశాను. జరిగింది చెప్పాను.

"అబ్బే, పర్లేదండి అల్లుడుగారూ. కారుదేముందండి! అమ్మాయి బోటెక్కిందాండి?"

ఆయన తిట్టినా బాగుండేది. ఫోను పెట్టేసి సుజాతని ఆటో ఎక్కించాను.

రేవు చేరేసరికి మా బోటు అగ్గిపెట్టంతై, మలుపు తిరిగి మాయమైంది. సుజాత అటే చూస్తూ నిలబడింది. వట్టి చేతులతో వెనక్కి ఎలా తీసుకెళ్లను? ఎదురుగా లంకలోని గుడికెళ్లే భక్తుల లాంచీ ఎక్కించాను. పది నిమిషాల ప్రయాణం. అదే మా హనీమూను క్రూజు! మా చుట్టూ ఇద్దరు గుండు గీయించుకున్నవాళ్లూ, ఒక అరటి గెలా.

పక్కనున్న పెద్దావిడ పలకరించింది. "కొత్త దంపతుల్లా ఉన్నారు. పాపికొండలు చూసొస్తున్నారామ్మా?"

"లేదండి. బంకు చూసొస్తున్నాం" అంది సుజాత.

లాంచీ అంతా నవ్వింది. ఆ నవ్వులో ఆమె కూడా నవ్వడంతో నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే వంగి దోసెడు నీళ్లు తీసుకుని, అందరూ వినేలా ప్రమాణం చేశాను. "గోదారమ్మ సాక్షి! ఇకమీదట తాళాలిచ్చినాయన్నీ, మెకానిక్కునీ, బంకు మేస్త్రినీ, ఇంకో నలుగురు పెద్దల్నీ అడగందే ఏ బండిలోనూ చుక్క కూడా పోయించను!"

నా దోసిట్లోంచి కారిన నీళ్లకి తడిసిన చీర కుచ్చిళ్లు పిండుకుంటూ సుజాత అంది:

"అంతమందెందుకండీ? పక్క సీట్లో ఉన్నదాన్ని ఒక్క వాక్యం పూర్తి చెయ్యనివ్వండి, చాలు."