చిన్నోణ్ణి రైలెక్కించిన టీచరమ్మ

మా పక్కింటి టీచరమ్మ పోయిన ఆదివారం తెల్లవారేసరికి నిద్రలోనే కన్నుమూశారు. ఆ మాట చెవిన పడగానే మా చిన్నోడు గేటు తీసుకుని, చెప్పులైనా వేసుకోకుండా వాళ్లింటికి పరుగెత్తాడు. చూస్తున్న నాకు కన్నీళ్లూ వచ్చాయి, వాటితోపాటే ఆపుకోలేని సంతోషమూ వచ్చింది. చావింటి ముందు సంతోషమేమిటని అనుకోకండి. చెబుతాను.

కొన్నేళ్ల కిందట మావాడికి లోకల్ రైల్లో ఉన్నట్టుండి ఊపిరాడలేదు. చచ్చిపోతున్నాననుకున్నాడు. గుండె డాక్టర్లు అన్నీ చూసి ఏమీ లేదన్నారు. అయినా వాడు మళ్లీ రైలెక్కలేదు. తర్వాత బస్సు మానేశాడు, ఉద్యోగం మానేశాడు. చివరికి మల్కాజ్‌గిరిలోని మా గేటే వాడికి పొలిమేర అయిపోయింది. పొద్దున్నే మొక్కలకు నీళ్లు పోస్తూ టీచరమ్మ సన్నగా చర్చి పాట తీసేవారు. వాడు కిటికీ దగ్గర కూర్చుని వినేవాడు. తలుచుకుంటే ఆ రోజులన్నీ నీళ్ల అడుగున గడిచినట్టుంటాయి.

ఒకరోజు ఆమె గోడ మీదుగా కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ గురించి చెప్పారు. ఏడో తరగతితో చదువాపి కుట్టుమిషను ముందు కూర్చున్నవాణ్ణి, అది పిచ్చికి చేసే వైద్యమనుకున్నాను.

"వద్దు టీచరమ్మా. మొక్కు మొక్కినం, తగ్గుతది. మీరు సుత ప్రార్థన చెయ్యుండ్రి."

"ప్రార్థన చేస్తనే ఉన్న అన్నా. అపాయింట్‌మెంట్ మాత్రం మీరే తీసుకోవాలె. మా ఆయన పోయినంక బడి గేటు చూస్తెనే నా కాళ్లు వణికేవి. నేను సుత పోయిన ఆ థెరపీకి. నన్ను చూస్తె పిచ్చిదానిలెక్క కనబడుతున్ననా?"

కిటికీలోంచి మావాడు, "జెర కనబడుతున్నరు టీచరమ్మా" అన్నాడు.

ఆమె పడీపడీ నవ్వారు. వాడి నోట పరాచికం విని ఎన్నాళ్లయిందో. నా మొండితనం అక్కడే కరిగిపోయింది.

మొదట ఒక థెరపిస్టును వీడియోలో కలిశాడు. ఆయన వీడి మాట పూర్తి కానివ్వలేదట. "ఇగ నాతోని కాదు" అన్నాడు మావాడు. టీచరమ్మ ఒప్పుకోలేదు. "చెప్పు కరిచిందని నడుసుడు బంద్ పెడ్తమా నాన్నా? ఇంకో జత చూద్దాం."

రెండో థెరపిస్టు ఒకావిడ, ఏ.ఎస్. రావు నగర్‌లో. ఇంటి పెద్దను కదా, ఫోను నేనే చేశాను. మీ సొంతూరేది, మీవారేం చేస్తారు, పిల్లలెంతమంది అని మర్యాదగా అడుగుతుంటే టీచరమ్మ ఫోను లాక్కున్నారు.

"సంబంధం మాట్లాడుతున్నరా అన్నా? ఈ థెరపీల శిక్షణ తీసుకున్నరా, గిట్ల భయమున్నోళ్లను చూసిన్రా, ఎట్ల చేస్తరు, ఇవి అడగాలె. అడగాల్సింది సుత మీరు గాదు."

ఫోను మావాడి చేతిలో పెట్టారు. వాడు తడబడుతూనే అడిగాడు. అవతల ఆవిడ తొందరలేకుండా చెప్పింది: భయం వేసినప్పుడు మనసు ఏం చెబుతోందో పట్టుకోవాలి, అది ఎంతవరకు నిజమో చూడాలి, తప్పించుకుంటున్న పనిని కొంచెం కొంచెంగా మళ్లీ చేయాలి.

"ఈమె దగ్గర చేస్తా నాయినా" అన్నాడు.

ఆవిడ వీడియోలో చెబుతుంటే, మొదట గేటు దాటి నాలుగడుగులు వెళ్లాడు. వీధి మలుపు దాకా. స్టేషన్ బల్ల దాకా. వెనక్కి జారిన వారాలూ ఉన్నాయి. రైలు కనబడగానే లేచి వచ్చేసిన రోజుల్లో టీచరమ్మ, "దానికేం, రేపు సుత వస్తది" అనేవారు. ఒకనాడు నిజంగానే ఎక్కాడు. మళ్లీ ఉద్యోగంలో చేరాడు. కాకపోతే ఎప్పుడూ తలుపు దగ్గరే, కమ్మీ పట్టుకుని నిలబడేవాడు.

సికింద్రాబాద్ సమాధుల తోటలో ఆమెకు మట్టి వేసి, ఇద్దరం లోకల్లో బయల్దేరాం. వాడు లోపలికి వచ్చి కిటికీ పక్కన కూర్చున్నాడు. లాలాగూడ దాటేసరికి తల నా భుజం మీదికి వాలింది. నిద్రపోయాడు. మేం దిగాల్సిన మల్కాజ్‌గిరి వచ్చింది. జనం దిగారు, ఎక్కారు. నేను లేపలేదు. రైలు కదిలింది. సాయంత్రపు ఎండ వాడి మూసిన రెప్పల మీద, వేళ్లకంటిన మట్టి మీద మెల్లగా జారుతూ, బొలారం వైపు మాతోనే వచ్చింది.