దానయ్య ఊపిరికి బామ్మర్ది పూచీ

2016లో నేను శ్రీకాకుళంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఊపిరితిత్తుల విభాగానికి అధిపతిగా చేరాను. విభాగం అంటే నేను, ఊపిరి కొలిచే ఒక యంత్రం, దాన్ని నడిపే టెక్నీషియను. ఆ ఏడాదే పొరుగు రాష్ట్రంలోని ఒక పెద్దాసుపత్రి వాళ్ళు తమ పరిశోధనకు నన్ను ‘స్థానిక సహకారి’గా నియమించారు. సహకారం అంటే నెలకోసారి ఒక మనిషి నెత్తురు తీసి, మంచుపెట్టెలో పెట్టి, ఆమదాలవలసలో రైలెక్కించడం. మంచులో సరుకు పంపడం మా తీరానికి కొత్త కాదు కాబట్టి ఆ పనిలో మాకెప్పుడూ మాట రాలేదు.

ఆ మనిషి భావనపాడు చేపల వ్యాపారి దానయ్య. ఊపిరితిత్తులు గట్టిపడి చావు దాకా వెళితే, ఆ పెద్దాసుపత్రిలోనే వేరొకరివి అమర్చారు. అమర్చగానే గండం గడిచినట్టు కాదు. పరాయి అవయవాన్ని ఒళ్ళు మెల్లగా కాదంటుంది, సన్నటి గాలిగొట్టాలు మచ్చకట్టి మూసుకుపోతాయి. అలా పోయిన ఊపిరి సాధారణంగా తిరిగి రాదు, ముందే పసిగడితే మిగిలినదాన్ని నిలబెట్టవచ్చు. బలంగా ఊదినప్పుడు మొదటి సెకనులో ఎంత గాలి బయటికొచ్చిందో మేం చూస్తాం. ఆ అంకె పడిపోకముందే నెత్తురులో ఏదైనా పదార్థం పెరిగి హెచ్చరిస్తుందా అన్నది వాళ్ళ పరిశోధన. అలాంటి పదార్థాన్ని సూచిక అంటారు.

ఊదడానికి దానయ్యకు చేతిలో పట్టే పరికరం ఒకటి ఇచ్చారు. రోజూ పొద్దున్నే ఊదితే అంకె ఫోనులోంచి వాళ్ళకు చేరుతుంది. చేరకపోతే అక్కడి సమన్వయకర్త ఫోన్ చేసి ఇంగ్లిషులో చీవాట్లు పెట్టేది. దానయ్యకు ఇంగ్లిషు రాదు గానీ చీవాట్లు బాగానే అర్థమయ్యేవి.

కొన్ని నెలలకు వీడియో సమావేశం పెట్టారు. నెత్తురులో సూచిక పెరుగుతోంది, ఊదిన అంకె మాత్రం దివ్యంగా ఉంది. పరిశోధన అధిపతి తేల్చేశారు: సూచిక పనికిరాదు, తాము కొత్తగా నేర్పిన ఊపిరి వ్యాయామం అద్భుతం. దానయ్యను సదస్సులో వేదికెక్కించి సన్మానిస్తారట. శాలువా ఏ రంగుదన్న దాని మీద చర్చ చాలాసేపు నడిచింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం! మా యంత్రం మీద ఒకసారి ఊదించి చూస్తానన్నాను. అది మీ పరిధి కాదన్నారు. నాకు ఒళ్ళు మండింది. నా గదికి నడిచొచ్చే రోగి నా పరిధి కాకపోతే మరెవరి పరిధి? ఆ వారమే రమ్మని కబురు పెట్టాను.

దానయ్య వెంట భార్య నూకమ్మ, ఆమె తమ్ముడు ఎర్రయ్య వచ్చారు. ఎర్రయ్య సముద్రం మీద వేట మానేసి అక్క ఇంట్లో మకాం పెట్టినవాడు, ఛాతీ మాత్రం తలుపంత ఉంది. దానయ్య మెట్ల మధ్యలో ఆగి ఫోను చూసుకున్నాడు. ఆయాసం దాచుకునేవాళ్ళందరికీ మెట్ల మీదే ఫోన్లు వస్తాయి.

ఊదించాం. ఇంటి అంకెకు పొంతనే లేదు, బాగా కిందికి పోయింది. మళ్ళీ ఊదించినా అంతే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అందరి చూపూ యంత్రం మీద పడింది. ఎర్రయ్యకైతే పౌరుషమే వచ్చింది.

“మిసను పాడైపోనాది డాకటరమ్మా! ఇలా తెండి, నాను ఊదుతాను సూడండి. ఇంటికాడ రోజూ ఊదేది నానే కదేటి!”

మేం ఆపేలోగా ఊదేశాడు. ఇంటి అంకె అచ్చంగా తెర మీదికొచ్చింది. నూకమ్మ తమ్ముణ్ణి మెచ్చుకోలుగా చూసింది.

నేను కేకలేశాను. పొద్దున్నే పడవలొచ్చే వేళకు తాను ఒడ్డున ఉండాలనీ, ఊదకపోతే ‘ఆ యమ్మ’ తిడుతుందనీ, అందుకే బామ్మర్దికి అప్పగించాననీ దానయ్య నిదానంగా చెప్పుకొచ్చాడు. వాళ్ళలో అది తప్పు కాదు. వల లాగడానికి ఇంటి పెద్ద రాలేకపోతే బామ్మర్ది వచ్చి తాడు పడతాడు, ఇంటి వాటా ఇంటికొస్తుంది. ఊదడం కూడా అలాంటి హాజరే అనుకున్నారు.

“ఇంటికో మనిషి ఊదితే సాలదేటి?” అంది నూకమ్మ.

“చాలదు. ఈ ఊపిరి పోతే నీ మొగుడు పోతాడు,” అన్నాను.

ఆమె మొహం పాలిపోయింది. మరుక్షణం తమ్ముడి వీపు మీద ఒక్కటిచ్చింది. “ఒరే సచ్చినోడా, అంత బాగా ఊదమని ఎవుడన్నాడ్రా నిన్ను!”

పెద్దాసుపత్రికి ఫోన్ చేశాను. అధిపతి అడిగిన మొదటి ప్రశ్న: ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా? రెండోది: రోగులతో పోల్చి చూసే ఆరోగ్యవంతుల జట్టులోకి ఎర్రయ్య వస్తాడా? రోగి సంగతి ఆయన అడగలేదు, నేనే చెప్పాను.

దానయ్యను అక్కడికే పంపించాం. పరీక్షలు చేసి మందులు మార్చారు. అంకె జారడం ఆగింది, పోయిన ఊపిరి రాలేదు. ఒడ్డున వేలం పాటలో గొంతెత్తే పని నూకమ్మ మీద పడింది. దానయ్య పక్కన కుర్చీలో కూర్చుని ధర వేళ్ళతో చూపించేవాడు.

సదస్సు మాత్రం ఆగలేదు. పనికిరాదన్న సూచికే, అందరికంటే ముందు ప్రమాదం పసిగట్టిన ఘనతతో వేదికెక్కింది. శాలువా అధిపతికి కప్పారు.

నేను నేర్చుకున్నది ఇంతే. చెడ్డ అంకె వస్తే యంత్రాన్ని తిడతాం, మళ్ళీ పరీక్ష చేయిస్తాం. మంచి అంకె వస్తే అది ఎవరిదని అడగం. ఉద్యోగం మానేదాకా నేను అడిగాను, నా కళ్ళెదుటే ఊదించాను. ఆ ప్రశ్న కొన్ని నెలల ముందు పెద్దాసుపత్రిలో ఎవరైనా అడిగి ఉంటే, వేలం పాట దానయ్యే పాడేవాడు.