ఓదెలు కట్టిన విరగని బండి

ఫిల్మ్‌నగర్‌లో ఓదెలు అంటే బండ్లు విరగ్గొట్టే మనిషి. సుత్తె పట్టుకుని కొట్టేవాడు కాదు లెండి, విరిగేటట్టు కట్టేవాడు. హీరో గుద్దగానే కారు తలుపు ఊడిపడాలన్నా, విలన్ జీపు పల్టీ కొట్టి సరిగ్గా నడుము దగ్గర రెండు ముక్కలు కావాలన్నా ఆయన షెడ్డుకే పంపేవాళ్ళు. మనం నోరు తెరుచుకుని చూసిన ఆ ముక్కల వెనక ఇరవై రెండేళ్ళ పనితనం ఉంది. పేర్లు పడేటప్పుడు ఆయన పేరు ఎప్పుడైనా కనబడిందా? నాకైతే కనబడలేదు. షూటింగ్ చూడ్డానికొచ్చి టీ తాగిపోయినవాడికి కూడా కృతజ్ఞతలు వేస్తారు, ఈయనకు వెయ్యరు.

ఆ పని ఎట్లా చేస్తాడంటే, గట్టి పైపును కోసేసి, రెండు ముక్కల్నీ మళ్ళీ రెండు మూడు చుక్కల వెల్డింగుతో ఆనించి పెడతాడు. దాన్ని టాకా అంటారు. పైన పుట్టీ పూసి, నున్నగా రుద్ది, రంగు కొడతాడు. చూసేవాడికి నిఖార్సయిన ఇనుమే. దెబ్బ తగిలితే పుటుక్కున ఊడి వస్తుంది.

అలాంటి మనిషికి నలభై ఏడో ఏట ఒక పంతం పుట్టింది, విరగని బండి ఒకటి కట్టాలని. నీలగిరి కొండల మీద ఏటా నాలుగు రోజుల పోటీ ఉంటుందనీ, సొంతంగా కట్టుకున్న బండ్లనే రానిస్తారనీ ఎవరో చెవిన వేశారు. ఇంకేం, పాత జీపు ఇంజను ఒకటి తెచ్చి, పైపులతో చాసీ కట్టి, పద్నాలుగు నెలల పాటు తీరిక దొరికిన ప్రతి పూటా దానికే ధారపోశాడు. బస్తీ వాళ్ళు ఊరుకుంటారా. "ఓదెలన్న బండి ముందల ఎవ్వరు యాక్షన్ అనకుండ్రి, ఇరుగుతది" అని ఏడిపించేవాళ్ళు. పైకి నవ్వేవాడు గానీ లోపల భగ్గుమనేది.

బండి నడిపేది హనుమంతు. స్టంటు డ్రైవరు. పద్దెనిమిదేళ్ళుగా ఓదెలు కట్టిన బండ్లలో కూర్చుని గాల్లోకి ఎగిరి, చిన్న గాటు కూడా పడకుండా దిగినవాడు.

తొంభై ఏడు మే నెల, బయల్దేరాల్సిన రోజు. ఊటీలో పాట తియ్యడానికి లైట్లు తీసుకుపోతున్న లారీలో వెనక బండికి జాగా ఇస్తానన్నాడు, ఆ లారీ చూసుకునే శ్రీనివాసులు. భీమవరం మనిషి. సాయంత్రం నాలుగింటికి కదిలి తీరాలి, నిమిషం ఆగను అని ముందే చెప్పేశాడు.

పొద్దున ఆరింటికి, రోడ్డు మీద జనం లేనప్పుడు, ఆఖరిసారి చూద్దామని ఇద్దరూ బండిని జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గరి ఎత్తు ఎక్కించారు. ఇంజను బ్రహ్మాండంగా లాగింది. మలుపులో బండి ఒరిగినప్పుడు, పక్క సీట్లో ఉన్న ఓదెలుకు కిందెక్కడో టిక్కుమని వినబడింది. హనుమంతుకు వినబడలేదు, వాడు హుషారుగా ఈల వేస్తున్నాడు.

ఆ చప్పుడు ఓదెలుకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? షాటుకు ముందు బండిని ఊపి చూస్తాడు. టాకా అట్లా టిక్కుమంటేనే "రెడీ సార్" అంటాడు. అంటే ఈ బండిలో ఎక్కడో ఒక అతుకు పూర్తిగా పడలేదు. కొండ దిగేటప్పుడు అది ఊడితే షూటింగులో లాగా కింద పరుపులు ఉండవు, హనుమంతు ఉండడు.

ఎట్లా జరిగిందో కూడా ఆయనకు వెంటనే తట్టింది. ఫిబ్రవరిలో పగలంతా సినిమా బండ్లు మూడు ఒకేసారి చేశాడు, పొద్దుగూకాక తన బండి పట్టుకున్నాడు. పైపు కదలకుండా ముందు టాకా వెయ్యడం ఎక్కడైనా ఉన్నదే, తరవాత చుట్టూ నిండుగా వెల్డింగ్ చెయ్యాలి. కానీ ఇరవై రెండేళ్ళుగా ఆయన చేతికి టాకా తరవాత వచ్చేది పుట్టీయే. ఏదో ఒక అతుకు దగ్గర చెయ్యి తన అలవాటు ప్రకారం పుట్టీ డబ్బా అందుకుంది. ఏ అతుకో మాత్రం జ్ఞాపకం లేదు. చాసీకి పన్నెండు అతుకులు, అన్నీ ఒకే ఎర్ర రంగులో తళతళలాడుతున్నాయి.

చెప్పెయ్యొచ్చు కదా అంటారు మీరు. నేనూ అదే అన్నాను తరవాత. చెప్పలేకపోయాడు. బస్తీ అంతా నవ్విన మాట నిజమైందని ఏ నోటితో చెబుతాడు? షెడ్డుకు రాగానే బండి కిందికి దూరాడు. బిగించిన బోల్టులే మళ్ళీ బిగించాడు. సుత్తెతో ఒక్కో అతుకూ మెల్లగా తట్టి చెవి పెట్టాడు. అన్నీ ఒక్కలాగే పలికాయి. పుట్టీ అంత బాగా పట్టించే మనిషి ఇంకొకడు లేడు మరి.

భార్య దేవమ్మ దారికి పులిహోర కట్టి తెచ్చింది. "పొద్దుగాల్నుంచి మెతుకు ముట్టలే. ఏందయ్యా, పానం బాగలేదా?" అంది. "ఏం లేదు, జర ఫికరు" అన్నాడు. ఆమె చెయ్యి నుదుటి మీద పెట్టి చూసి, జ్వరం లేదని వెళ్ళిపోయింది.

మూడున్నరకు లారీ వచ్చి షెడ్డు ముందు ఆగింది, పలకలు దించారు. హనుమంతు బండి ఎక్కించడానికి వచ్చాడు. వాడికో పద్ధతి ఉంది. ఏ బండినీ వంగి చూసుకోడు. సీట్లో కూర్చునే ముందు ఓదెలును ఒక్కటే అడుగుతాడు. ఆ రోజూ అడిగాడు.

"అన్నా, నీ చెయ్యేనా?"

నా చెయ్యే అంటే చాలు, వాడు మారుమాట లేకుండా కూర్చుంటాడు. ఓదెలు "నా చెయ్యే తమ్మీ" అన్నాడు. హనుమంతు కాలు లోపల పెట్టాడు. ఓదెలు వాడి రెక్క పట్టుకున్నాడు.

"గందుకే ఎక్కకు. యాడనో టాకా మీదనే పుట్టీ పెట్టిన. పొద్దుగాల సప్పుడైంది. నాకు తెల్సు."

హనుమంతు కాలు బయటికి తీసుకున్నాడు. "పొద్దుగాల తెల్సా?" అన్నాడు, అంతే.

ఓదెలు గ్రైండరు అందుకుని ఒక్కో అతుకు మీదా రంగు గీకేశాడు. మొదటిది గట్టిది. రెండోది, మూడోది, నాలుగోది గట్టివే. ఐదోది డ్రైవరు సీటు కింద, బెల్టు బిగించే పైపుది. పుట్టీ పొడిపొడిగా రాలింది. కింద కందిగింజలంత మూడు చుక్కలు, అందులో ఒకటి అప్పటికే చిట్లి ఉంది. స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే పైపు విడివడింది.

హనుమంతు దాన్ని చూసి గోడవారకు పోయి కూలబడ్డాడు. ఓదెలు ఆ అతుకు చుట్టూ నిండుగా వెల్డింగ్ చేశాడు. నాలుగు దాటింది.

"దొరికింది కదండీ ఓదెలుగారూ, ఎక్కించేద్దాం రండి. మిగతావన్నీ బానే ఉండుంటాయి. పొద్దుపోయిందంటే నా ఉద్యోగం ఊడుద్ది" అని శ్రీనివాసులు బతిమాలాడు.

టిక్కుమన్నది ఒక్కటే, మిగతా ఏడూ గట్టివేనని ఓదెలు తల తాకట్టు పెట్టగలడు. అదే చెప్పబోయాడు. ఈలోగా హనుమంతు లేచి, బల్ల మీది టార్చి తీసుకుని, బండి కింద వెల్లకిలా పడుకున్నాడు. పద్దెనిమిదేళ్ళలో ఎన్నడూ ఓదెలు పని వంగి చూడనివాడు ఆరో అతుకు మీద వెలుగు వేసి, "గిది గూడ గీకు" అన్నాడు.

ఓదెలుకు చెంప మీద కొట్టినట్టయింది. అడిగే హక్కు వాడికుందనీ తెలుసు. లారీ వైపు తిరిగి, "మీరు పోండి సార్, మాకింక పొద్దు పడ్తది" అన్నాడు. శ్రీనివాసులు రెండుసార్లు హారన్ కొట్టి చూసి, పలకలు ఎత్తించుకుని వెళ్ళిపోయాడు.

ఆరు, ఏడు, ఎనిమిది, అన్నీ నిండు వెల్డింగులే. పన్నెండోది గీకేసరికి ఆరు కావచ్చింది. అదీ గట్టిదే. పోటీ పోయింది, ఎర్ర రంగు పోయింది, బండి గజ్జి పట్టినట్టు తయారైంది. ఓదెలు గ్రైండరు కింద పెట్టి, "ఇంకెవ్వలతోనన్న కట్టించుకో తమ్మీ" అన్నాడు.

హనుమంతు బండి కింద నుంచి బయటికొచ్చి వీపు దులుపుకున్నాడు.

"వచ్చే యాడాది గూడ నేనే కూసుంట. గని నువ్వు వెల్డింగ్ చేసేటప్పుడు పక్కపొంటి నేనుంట" అన్నాడు.

ఓదెలు సరేనన్నాడు. పులిహోర మూట విప్పి, ముందు వాడికి పెట్టాడు.